గంట టీచరు గొంతు

ఆ బడిలో ఇనుప గంట పగిలిన సంవత్సరం, కొత్తది కొనాలంటే పై ఆఫీసు నుంచి అనుమతి రావాలన్నారు. పై ఆఫీసు అనుమతులు ఎంత పరుగున వస్తాయో చెప్పనక్కర్లేదు. ఈలోగా బడి నడవాలి కదా, పిల్లలు లోపలికి రావాలి, బయటికి పోవాలి. అప్పటి హెడ్మాస్టరు అటూ ఇటూ చూసి ఒకటో తరగతి టీచర్ని పిలిచి, "మీరో కేక వెయ్యండమ్మా, చాలు" అన్నాడు. ఆవిడ వరండా మెట్టు మీద నిలబడి "పిల్లలూ, లోపలికి!" అంది. మైదానం చివర బంతి తన్నుకుంటున్న పెద్ద పిల్లలు పరిగెత్తుకొచ్చారు సరే, గోడ అవతల సైకిళ్ళు బాగుచేసే మనిషి కూడా చేతిలో పానా పక్కన పడేసి లేచి నిలబడ్డాడట. ఆ రోజు నుంచి ఆవిడ గంట టీచరు. తర్వాత ఎప్పటికో కొత్త గంట వచ్చింది గానీ పేరు మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

మనిషి చూస్తే పిడికెడు. గాలేస్తే పక్కకి ఒరిగేటట్టు ఉండేది. గొంతు మాత్రం కంచు. ఆడగొంతుల్లో ఉండే సన్నదనం లేదు, కింది నుంచి గుమ్మని లేచేది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒకటో తరగతే చెప్పింది. తక్కిన టీచర్లందరూ పై తరగతుల కోసం హెడ్మాస్టరు చుట్టూ తిరిగేవారు. ఒకటో తరగతి అంటే ముక్కులు తుడవడం, చెప్పులు కుడి ఎడమలు మార్చి తొడగడం, వరండాలో అమ్మ కోసం ఏడ్చేవాళ్ళని చంకనేసుకోవడం. అదీ ఒక చదువేనా అని వాళ్ళ ఉద్దేశం. ఈవిడకి మాత్రం వేరే తరగతి ఇస్తామంటే గుండెల్లో రాయి పడేది.

ఎందుకంటే, అక్షరాలు చదువుగా మారే క్షణం ఒకటుంటుంది. నెలల తరబడి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి విడివిడిగా పలికే పిల్ల, ఒక పూట ఉన్నట్టుండి మూడింటినీ కలిపి ఒకే మాటగా అనేస్తుంది. అని, తనే ఉలిక్కిపడి పుస్తకంలోంచి తలెత్తి చూస్తుంది. ఆ మొహం చూడ్డానికి ఆవిడ ప్రతి ఏడూ మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టేది. ఆవిడకి పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "ఏటా గది నిండా కలుగుతున్నారుగా, ఇంకెక్కడ పెట్టుకోను?" అనేది.

ఇందులో ఉన్న అన్యాయం కూడా చెప్పుకోవాలి. చదవడం ఎవరు నేర్పారో ఎవరికీ గుర్తుండదు. లెక్కల మాస్టారు కొట్టిన దెబ్బ జన్మంతా గుర్తుంటుంది, ఒకటో తరగతి టీచరు మొహం రెండేళ్ళకే చెరిగిపోతుంది. బస్సులో, బజారులో ఆవిడ ఇట్టే గుర్తుపట్టే మనుషులు ఆవిడని తోసుకుంటూ దిగిపోయేవారు. ఆవిడ నొచ్చుకునేది. నొచ్చుకోలేదని చెప్పేది.

ఇంట్లో ముగ్గురు. భర్త అచ్చాఫీసులో కాగితాలు కోసే మిషను దగ్గర పనిచేస్తాడు. నెమ్మదస్తుడు, ఎవరైనా గట్టిగా పలకరిస్తే తనే క్షమాపణ చెప్పుకునే రకం. గొంతు పీలగా ఉంటుంది. మూడో మనిషి ఆవిడ అత్తగారు. పదేళ్ళప్పుడు బట్టల మిల్లులో అడుగుపెట్టి, జుట్టు తెల్లబడ్డాక బయటికొచ్చింది. మిల్లు ఆవిడకి ఇచ్చిన వాటిల్లో కడదాకా మిగిలింది చెవుడు. మగ్గాల మోతలో చెవులు అరిగిపోయాయి. చెవి మిషను కొనిస్తే, "ఇదేమిట్రా, చెవిలో కీచురాయిని పెట్టావు" అని తీసి సొరుగులో పడేసింది. కొడుకు దగ్గరకొచ్చి అరిచినా ఆవిడకి పెదాలు ఆడటమే కనపడేది, ఊహించి ఏదో జవాబిచ్చేది. "జ్వరం తగ్గిందా అమ్మా?" అంటే "ఇందాకే తిన్నానురా" అనేది.

ప్రపంచం మొత్తంలో ఆవిడకి వినిపించే గొంతు ఒక్కటే, కోడలిది.

అందుకని సాయంత్రం కోడలు బడి నుంచి రాగానే ఆ ఇంట్లో ఒక సభ జరిగేది. అత్తగారు వీధిగదిలో కుర్చీలో సర్దుకుని కూర్చుని, "ఊఁ, చెప్పవే, ఇవాళ మన పిల్లలు ఏం చేశారు?" అనేది. కోడలు టీ గ్లాసు పట్టుకుని ఎదురుగా పీట మీద కూర్చుని, తరగతిలో చెప్పే గొంతుతోనే మొదలుపెట్టేది. ఎవరు ఎవరి రబ్బరు కొరికారో, ఎవరు బల్ల కింద నిద్రపోయారో, ఎవరికి ఏ అక్షరం లొంగడం లేదో అన్నీ. అత్తగారు పడీ పడీ నవ్వేది. కిటికీలు తెరిచే ఉండేవి కనక వీధి వీధంతా వినేది. ఎదురింటి అరుగు మీద ఇస్త్రీ చేసే అతను మర్నాడు ఆవిడ బడికి పోతుంటే ఆపి, "టీచరమ్మా, ఆ తొర్రిపళ్ళ పిల్ల ఇవాళైనా చదువుతుందంటారా?" అని అడిగేవాడు.

అత్తగారికి ఒకప్పుడు చదువుకోవాలని ఉండేది. "బస్సు బోర్డు చదివితే చాలే, ఇంకేం వద్దు. ఎవణ్ణీ అడక్కుండా బస్సెక్కాలి" అనేది. "సెలవుల్లో నేర్పుతాను అత్తయ్యా" అనేది కోడలు. సెలవులొచ్చేసరికి జనాభా లెక్కలని ఒక ఏడు, ఓటర్ల జాబితా అని ఒక ఏడు, టీచర్లకే పాఠాలు చెప్పే శిక్షణ అని ఒక ఏడు. టీచర్లకి సెలవులు ఎక్కువని లోకం కుళ్ళుకుంటుంది గానీ, ఆ సెలవులు ఎక్కడికి పోతాయో వాళ్ళనే అడగాలి. అలా వాయిదా పడుతుండగానే పెద్దావిడ చూపు మసకేసింది. కంట్లో నరం ఎండిపోయింది, ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు. ఇక ఆకారాలు కనపడతాయి, అక్షరాలు కనపడవు. బస్సు బోర్డు మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. కోడలికి మాత్రం బస్సు కనపడినప్పుడల్లా ఎక్కడో కలుక్కుమనేది.

తొర్రిపళ్ళ పిల్ల ఒకటో తరగతిలో చేరిన ఏడే టీచరు గొంతు బొంగురుపోయింది. మొదట్లో జలుబనుకుంది. వేడినీళ్ళు తాగింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, ఎవరేం చెబితే అది చేసింది. మధ్యాహ్నానికి మాట సగం గాలిలాగా వచ్చేది. చివరికి భర్త పోరగా పోరగా గొంతు డాక్టరు దగ్గరకెళ్ళింది.

డాక్టరుని చూడగానే గుర్తుపట్టింది. ఎడమ చెవి మీద పుట్టుమచ్చ, మాట్లాడే ముందు పెదవి తడుపుకునే అలవాటు. కిటికీ పక్క బల్ల. పెన్సిలు నములుతుంటే ఎన్నిసార్లు నోట్లోంచి లాగిందో! అతను సన్నటి గొట్టం గొంతులోకి పంపి చూసి, "అరచేతికి కాయలు కాస్తాయి చూడండి, అలాగే మీ గొంతులో తీగలకీ కాయలు కాశాయమ్మా. నెలల తరబడి మౌనంగా ఉండాలి. లేదంటే ఆపరేషన్, దాని తర్వాత గొంతు ఎలా ఉంటుందో చెప్పలేను. ఏం చేస్తుంటారు?" అన్నాడు.

"టీచరు" అంది ఆవిడ. ఇంకా చెప్పబోయింది.

"ఇదిగో, ఇదే వద్దన్నాను. మాట్లాడకండి" అని అతను మందులు రాయడం మొదలుపెట్టాడు. నీకు రాయడం నేర్పింది నేనేరా అన్న మాట ఆవిడ గొంతులోనే ఉండిపోయింది.

సెలవు అడిగితే ఇప్పటి హెడ్మాస్టరు తల గోక్కున్నాడు. చెడ్డవాడేం కాదు, పైనుంచి వచ్చిన ప్రతి కాగితానికీ బెదిరిపోయే మనిషి, అంతే.

"మీరు సెలవు పెడితే పిల్లల్ని రెండో తరగతిలో కలిపెయ్యాలి మేడమ్. వేరే టీచరుని ఇవ్వరు. ఏడాది చివర అధికారి వచ్చి ఒకటో తరగతి చేత చదివించి చూస్తారట. అది బాగుంటే వచ్చే ఏడు కూడా తరగతి మీదే, నాదీ పూచీ. లేదంటే, గొంతు లేని టీచరుకి ఒకటో తరగతి ఎలా ఇచ్చారని నన్నే అడుగుతారు."

రెండో తరగతి గదిలో ఇప్పటికే కాలు పెట్టడానికి చోటు లేదు. అక్షరాలు అప్పుడప్పుడే పట్టుబడుతున్న పిల్లలు ఆ గుంపులో పడితే మళ్ళీ మొదటికొస్తారు. తొర్రిపళ్ళ పిల్లయితే ఇంకా ఒక్క మాట కూడా కూడబలుక్కోలేదు. ఆవిడ బడి నుంచి ఇంటికి నడుస్తూ ఒక నిర్ణయానికి వచ్చింది. ఉన్న గొంతుని పొదుపుగా వాడుకుంటుంది. అది బడికి. ఇంట్లో నోరు విప్పదు. పరీక్షలవగానే సెలవులు, అప్పుడు గొంతుకి విశ్రాంతి, బాగుపడ్డాక అత్తయ్యతో కరువుతీరా మాట్లాడొచ్చు.

ఆ సాయంత్రం అత్తగారు కుర్చీలో సర్దుకుని, "ఊఁ, చెప్పవే" అంది. కోడలు దగ్గరకొచ్చి వంగి, వేలు పెదాల మీద పెట్టుకుని చూపించింది. తర్వాత తన గొంతు మీద చెయ్యి వేసి అడ్డంగా ఆడించింది. గొంతు బాగాలేదు, మాట్లాడకూడదన్నారు అని చెప్పడం ఆవిడ ఉద్దేశం.

ఇక్కడే కొంప మునిగింది. ఎన్నో ఏళ్ళు ఒకటో తరగతి చెప్పిన మనిషికి చేతులు కూడా ఒకటో తరగతి భాషే మాట్లాడతాయి. పెదాల మీద వేలు అంటే ఆవిడ తరగతిలో ఒకటే అర్థం, నోరు మూసుకోండి అని. మసక కళ్ళకి ఆ వేలు కనపడింది, తర్వాత మెడ దగ్గర ఆడిన చెయ్యి సరిగ్గా కనపడలేదు. పెద్దావిడ "సరేలే" అంది. కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది.

భర్త మాత్రం చెప్పకుండా ఉన్నాడా? తల్లి చెవి దగ్గర నోరు పెట్టి, "దానికి గొంతు బాలేదమ్మా!" అని తన పీల గొంతుతో శాయశక్తులా అరిచాడు. "నాకేం వద్దురా, ఆకలి లేదు" అంది తల్లి.

మర్నాటి నుంచి పెద్దావిడ "చెప్పవే" అనడం మానేసింది. అసలు మాటే మానేసింది. పెట్టింది తినేది, పడుకునేది. కోడలు దాన్ని చూసి ఏమనుకుందో తెలుసా? అత్తయ్య ఎంత మంచిదీ, నాతో మాట్లాడించకూడదని తనూ మౌనం పట్టింది అనుకుంది. కృతజ్ఞతతో కళ్ళు చెమర్చాయి కూడా. ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు ఇంతకంటే పొరపాటు పడటం సాధ్యం కాదు.

బడిలో గొంతుని చుక్క చుక్కగా వాడింది. అరుపుల స్థానంలో చప్పట్లు వచ్చాయి. ఒకసారి కొడితే పలక తియ్యాలి, రెండుసార్లు కొడితే పుస్తకం. బల్లల మధ్య తిరుగుతూ ఒక్కొక్కళ్ళ చెవిలో మెల్లగా చెప్పేది. పిల్లలు, వింత ఏమిటంటే, ఆవిడ గొంతు తగ్గేకొద్దీ తామూ తగ్గారు. ఎవరైనా అల్లరి చేస్తే పక్కవాళ్ళే, "ఒరేయ్, టీచరు గొంతు అయిపోద్దిరా" అని కసిరేవారు. పై తరగతుల టీచర్లు తలుపు దగ్గర ఆగి చూసి వెళ్ళిపోయేవారు.

ఒక మధ్యాహ్నం తొర్రిపళ్ళ పిల్ల పుస్తకం మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం గొణుక్కుంటూ, ఉన్నట్టుండి "పడవ" అంది. తలెత్తింది. "టీచర్, పడవ!" అని అరిచింది. గదిలో ఉన్న పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆవిడ పిల్లని ఎత్తుకుని కిటికీ దగ్గరికి పోయి, ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి దాదాపు పరిగెత్తింది. చెప్పులు ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ వదిలేసి వీధిగదిలోకి వచ్చింది. అత్తగారు కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. చదివింది అత్తయ్యా, తొర్రిపళ్ళది చదివింది, అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పూట గొంతులో ఆ నాలుగు మాటలకి సరిపడా సత్తువ ఉంది కూడా. కానీ రేపు మళ్ళీ పాఠం ఉంది, ఎల్లుండి ఉంది, అధికారి రాబోతున్నాడు. ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. సెలవుల్లో చెప్తాను అనుకుంది. వెనక మనిషి అలికిడి తెలిసి పెద్దావిడ తల కాస్త తిప్పింది. మాట రాకపోయేసరికి మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది.

అధికారి వచ్చే రోజు మైదానంలో షామియానా కట్టారు, కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. బడి మొత్తాన్ని ఎండలో నిలబెట్టారు. కారు గేటు దగ్గర ఆగే వేళకి మైకు కుయ్యిమని మూలిగి ప్రాణం వదిలింది. వందల మంది పిల్లలు, నిలబడి నిలబడి కాళ్ళు పీకి, గోల మొదలుపెట్టారు. హెడ్మాస్టరు ఈలలు వేశాడు, చేతులు ఊపాడు. అతన్ని చూసి పిల్లలు ఇంకా నవ్వారు. అతనికి చెమటలు పట్టాయి. పరుగున ఒకటో తరగతి వరస దగ్గరకొచ్చాడు.

"మేడమ్, ఒక్క కేక. ఒక్కటే. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. గొంతు చూపించింది.

"తెలుసు మేడమ్. కానీ సభ మొదలవకపోతే ఆయన ఇటునుంచి ఇటే పోతాడు. మీ పిల్లల చదువు ఇంకెవరు వింటారు?"

ఆవిడ తన వరస వైపు చూసింది. తొర్రిపళ్ళ పిల్ల పుస్తకాన్ని గుండెకి హత్తుకుని ఎండకి కళ్ళు చికిలించి నిలబడి ఉంది. ఆవిడ వరండా మెట్టు ఎక్కింది. ఊపిరి పీల్చుకుని, "పిల్లలూ, నిశ్శబ్దం!" అంది. ఆ పాత కంచు గొంతు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి గుమ్మని పోయింది. అంతా చప్పబడింది. ఆ మాట చివర్లో లోపల బట్ట చిరిగినట్టు ఏదో తెలిసింది, అది మాత్రం ఆవిడకి తప్ప ఎవరికీ వినపడలేదు.

అధికారి కూర్చున్నాడు. మాట్లాడాడు. ఐదో తరగతిలో ఒక కుర్రాడు లేచి గడగడా ఏదో అప్పజెబితే మెచ్చుకున్నాడు. వాచీ చూసుకున్నాడు. ఇంకో బడికి పోవాలట. కారు వైపు పోతూ, అప్పటికి గదిలోకి చేరిన ఒకటో తరగతి గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, "ఓ, చిన్నపిల్లలు! వెరీ గుడ్" అన్నాడు. ఆవిడ గభాల్న ముందుకొచ్చి ఆగమని చెప్పబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన ఆవిడని చూసి మర్యాదగా తలూపి వెళ్ళిపోయాడు.

"టీచర్, నేను ఎప్పుడు చదవాలి?" అని తొర్రిపళ్ళ పిల్ల కొంగు లాగింది. ఆవిడ నేల మీద కూర్చుని పిల్లని ఒళ్ళోకి లాక్కుని పుస్తకం తెరిచింది. పిల్ల మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వీధిగదిలో సంచీ సర్ది ఉంది. భర్త మొహం వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మ తన చెల్లెలి ఇంటికి పోతానంటోంది. ఎందుకమ్మా అంటే ఇవాళ బయటపెట్టింది. నువ్వు తనని నోరు మూసుకోమన్నావట! బడిపిల్లకి చూపించినట్టు వేలు పెట్టి చూపించావట. 'కళ్ళు పోయాయి, చెవులు పోయాయి, నోరొక్కటి మిగిలింది. అది కూడా మూసుకోమంటే నేనిక్కడ ఎందుకురా?' అంటోంది."

ఇన్నాళ్ళ మౌనం ఆవిడ కళ్ళముందు ఒక్కసారి తిరగబడింది. అత్తగారి ముందుకి పోయింది, చెవి దగ్గర నోరు పెట్టింది. అత్తయ్యా, అలా కాదు, అంది. అనలేదు. పెదాలు కదిలాయంతే. ఇంకోసారి బలం పెట్టింది. ఊపిరి బయటికొచ్చింది, మాట రాలేదు. నిన్నటిదాకా దాచుకున్న గొంతు, నాలుగు మాటలకి కూడా ఖర్చుపెట్టని గొంతు, ఇవాళ ఆవిడ దగ్గర లేదు.

ఇంకేం తోచక పెద్దావిడ అరచెయ్యి పట్టుకుని తన గొంతు మీద ఆనించుకుంది. ఆనించి, మళ్ళీ మళ్ళీ అరిచింది. పెద్దావిడ మొదట చెయ్యి లాక్కోబోయింది. తర్వాత ఆగిపోయింది. వేళ్ళు మెడ మీద అటూ ఇటూ కదిలాయి. చెవులు పోయాక ఆవిడ మగ్గాన్ని చేత్తో తాకే నడిపింది, నడుస్తోందో ఆగిందో ఆ చేతికి తెలుసు.

"ఆగిపోయిందే" అంది పెద్దావిడ. "అమ్మాయ్, లోపల ఏమీ ఆడటం లేదే! ఎప్పట్నుంచే? నాకు వేలు చూపించావే, అప్పట్నుంచేనా?"

కోడలు అత్తగారి చేతిలోకి మొహం పెట్టుకుని తలూపింది. ఇంకా ఏదో చెప్పాలని తంటాలు పడుతోంది. పెద్దావిడ తడుముకుంటూ తడుముకుంటూ కోడలి నోరు వెతుక్కుని, దాని మీద తన వేలు పెట్టింది.

"ఊరుకో. ఇంక ఊరుకో తల్లీ" అంది.

సంచీ మళ్ళీ అటకెక్కింది. ఆపరేషన్ చేశారు. పుట్టుమచ్చ డాక్టరు తన వంతు చేశాడు, దగ్గర కూర్చున్నవాళ్ళకి వినపడేంత గుసగుస ఒకటి మిగిలింది. మరుసటి ఏడు ఒకటో తరగతిని కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇచ్చారు. హెడ్మాస్టరు మొహం చూపించలేక కాగితం మీద రాసి పంపాడు. గంట టీచరుకి ఆఫీసు గదిలో బీరువా పక్కన బల్ల వేశారు. హాజరు లెక్కలు పై ఆఫీసుకి పంపే పని. గోడ అవతల నుంచి ఒకటో తరగతి పిల్లలు అక్షరాలు వల్లించడం వినపడుతుంది. ఎవరైనా తప్పు పలికితే ఆవిడ కలం ఆగిపోతుంది.

సాయంత్రం మాత్రం ఆ ఇంట్లో సభ జరుగుతూనే ఉంది. అత్తగారు కుర్చీని గది వైపు తిప్పుకుని, "ఊఁ, చెప్పవే, ఇవాళ మన పిల్లలు ఏం చేశారు?" అంటుంది. తరగతి పోయిన సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినపడదు. కోడలు పీట మీద కూర్చుని, అత్తగారి అరచెయ్యి తన గొంతు మీద పెట్టుకుని చెప్పడం మొదలుపెడుతుంది. పాత పిల్లల కథలే, ఎవరు ఎవరి రబ్బరు కొరికారో, ఎవరు బల్ల కింద నిద్రపోయారో. పెద్దావిడ కళ్ళు మూసుకుని వింటుంది. నవ్వు రాని చోట పడీ పడీ నవ్వుతుంది. కోడలు ఆవిడ నవ్వు అయ్యేదాకా ఆగుతుంది.

"తొర్రిపళ్ళది చదివిందా?" అని అడుగుతుంది పెద్దావిడ, రోజూ.

చదివింది అత్తయ్యా, అంటుంది కోడలు.

"పోనీలే, దిగులు పడకు" అని పెద్దావిడ కోడలి బుగ్గ నిమురుతుంది. "రేపు చదువుతుందిలే."